బరంపురం నుంచి హైదరాబాదుకు: రోడ్డు దూరం, గాలి దూరం, ప్రయాణ కాలం సరిగా లెక్క కట్టుకునే విధానం

ఒడిశాలోని గంజాం జిల్లాలో, ముఖ్యంగా బరంపురంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలావాటికి హైదరాబాదుతో రాకపోకలున్నాయి. పిల్లల ఉద్యోగాలు అక్కడ, వియ్యంకుల ఇళ్లు అక్కడ, పెద్ద వైద్యం అవసరమైతే చూపించుకునే ఆసుపత్రులూ అక్కడే. అయినా హైదరాబాదు ఎంత దూరమని అడిగితే ఒకరు ఏడు వందల కిలోమీటర్లంటారు, మరొకరు దాదాపు తొమ్మిది వందలంటారు. ఎంత సేపు పడుతుందని అడిగితే ఒకరు గంటా నలభై అయిదు నిమిషాలంటారు, ఇంకొకరు ఒక రాత్రి, ఒక పగలు అంటారు. ఈ జవాబులలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క దాన్ని కొలిచి చెబుతున్నది. ప్రయాణికుడికి నిజంగా కావలసింది తన వీధి గుమ్మం నుంచి చేరవలసిన ఇంటి గుమ్మం దాకా పట్టే కాలం. అది ఏ టిక్కెట్ మీదా, ఏ పటంలోనూ అచ్చయి ఉండదు కాబట్టి ఎవరికి వారే కట్టుకోవాలి. ఆ లెక్కను బరంపురాన్ని ఉదాహరణగా పెట్టుకుని ఇక్కడ వివరిస్తున్నాను. పర్లాకిమిడి, రాయగడ, కొరాపుట్ వైపు వారు తమ ఊరి అంకెలను ఇదే పద్ధతిలో వేసుకోవచ్చు.

గాలి దూరం అంటే ఏమిటి, దాన్ని మనమే కట్టుకోవడం ఎలా

రెండు ఊళ్ల మధ్య భూమి ఉపరితలం మీద తిన్నగా గీత గీస్తే వచ్చే దూరమే గాలి దూరం. దీన్ని తెలుసుకోవడానికి రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు చాలు. ఫోనులోని పటంలో ఊరి మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే అవి కనిపిస్తాయి. బరంపురం ఉత్తర అక్షాంశం 19.31 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 84.79 డిగ్రీలు, హైదరాబాదుకు ఇవి 17.39, 78.49. అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా దాదాపు 111 కిలోమీటర్లు. రేఖాంశంలో డిగ్రీ మాత్రం భూమధ్యరేఖ నుంచి పైకి పోయే కొద్దీ కుంచించుకుపోతుంది. పద్దెనిమిది, పందొమ్మిది డిగ్రీల అక్షాంశంలో ఉన్న మన ప్రాంతానికి దాన్ని 105.5 కిలోమీటర్లుగా తీసుకుంటే సరిపోతుంది. అక్షాంశాల తేడా 1.92ని 111తో గుణిస్తే 213, రేఖాంశాల తేడా 6.30ని 105.5తో గుణిస్తే 665 వస్తాయి. ఈ రెండింటి వర్గాలను కలిపి వర్గమూలం తీస్తే దాదాపు 698 కిలోమీటర్లు తేలుతుంది. ఏడు వందలు అన్నవారు చెప్పింది ఈ అంకెనే.

కొన్ని వెబ్‌సైట్లు ఈ దూరాన్ని మైళ్లలో, మరికొన్ని నాటికల్ మైళ్లలో చూపుతాయి. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఏ కొలతలో చెప్పారో చూడకుండా అంకెను మాత్రమే గుర్తుపెట్టుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఇంతకంటె పెద్ద ప్రమాదం ఊరి పేరుతో వస్తుంది. పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో మరో బరంపురం ఉంది. ఇంగ్లిషు అక్షరాలలో రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి పటంలో గాని, టిక్కెట్ల యాప్‌లో గాని పేరు సగం కొట్టగానే ఆ ఊరు ముందుకు రావచ్చు. మన ఊరికి ప్రభుత్వ వ్యవహారంలో బ్రహ్మపూర్ అని పేరు, రైల్వే స్టేషన్ కోడ్ బీఏఎం. బెంగాల్ ఊరి స్టేషన్ బరంపూర్ కోర్ట్, దాని కోడ్ బీపీసీ. దూరం అడిగే ముందు రాష్ట్రం పేరు ఒడిశా అని ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోవాలి. ముఖ్యంగా దూరాన ఉన్న పిల్లలు ఇక్కడి పెద్దవారి కోసం టిక్కెట్ తీసేటప్పుడు దీన్ని రెండుసార్లు సరిచూడాలి.

గాలి దూరం తెలిసినంత మాత్రాన అది మన ప్రయాణ దూరం అయిపోదు. బరంపురం పక్కన రంగెయిలుండలో ఎయిర్‌స్ట్రిప్ ఉన్నా అది చిన్న విమానాలకే తగినది. హైదరాబాదుకు పెద్ద విమానం ఎక్కాలంటే భువనేశ్వర్‌కో విశాఖపట్నానికో పోవలసిందే. అందువల్ల ఈ ఏడు వందల అంకె రోడ్డు ఎంత చుట్టు తిరుగుతున్నదో కొలుచుకోవడానికే మనకు పనికివస్తుంది.

రోడ్డు ఎంత చుట్టు తిరుగుతుంది

రోడ్డు దూరాన్ని గాలి దూరంతో భాగిస్తే ఆ దారి స్వభావం ఏమిటో చాలావరకు తెలిసిపోతుంది. బరంపురం నుంచి విశాఖకు గాలి దూరం దాదాపు 245 కిలోమీటర్లు, జాతీయ రహదారి 16 మీద రోడ్డు దూరం దాదాపు 260. ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం మీదుగా తీరం వెంట పోయే ఈ రోడ్డు దాదాపు తిన్నగా ఉన్నదని ఆ రెండు అంకెలే చెబుతున్నాయి. కొరాపుట్ నుంచి విశాఖకు గాలి దూరం 135 కిలోమీటర్లే అయినా, సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం మీదుగా వస్తే రోడ్డు దాదాపు 200 అవుతుంది. అంటే దూరం ఒకటిన్నర రెట్లు పెరిగింది. తూర్పు కనుమలు అడ్డున్న చోట దూరం పెరగడంతో పాటు వేగమూ తగ్గుతుంది కాబట్టి కొండ ప్రాంతం వారు కిలోమీటర్లను చూసి కాలాన్ని అంచనా వేయకూడదు.

హైదరాబాదు దాకా రోడ్డు మీద పోతే బరంపురం నుంచి విశాఖ 260, విశాఖ నుంచి విజయవాడ 350, విజయవాడ నుంచి హైదరాబాదు 270, మొత్తం దాదాపు 880 కిలోమీటర్లు. విజయవాడ దాకా దిగి మళ్లీ వాయవ్యంగా ఎక్కడం వల్లనే గాలి దూరం మీద నూట ఎనభై కిలోమీటర్లకు పైగా అదనంగా పడుతున్నది. ఈ చుట్టును తగ్గించేందుకే ఖమ్మం నుంచి దేవరపల్లికి నాలుగు వరుసల గ్రీన్‌ఫీల్డ్ రహదారిని, అంటే పాత రోడ్డును వెడల్పు చేయకుండా పూర్తిగా కొత్త దారిలో వేసే రహదారిని, చేపట్టారు. రాజమండ్రి దగ్గర నుంచి ఆ దారి పట్టి ఖమ్మం, సూర్యాపేటల మీదుగా పోతే విజయవాడ ఊసే ఉండదు. అయితే ఏ భాగంలో వాహనాలను అనుమతిస్తున్నారో బయలుదేరే రోజున పటంలో చూసుకుని నిర్ణయించుకోవడం మంచిది.

దూరాన్ని కాలంగా మార్చడానికి సగటు వేగం కావాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. నాలుగు వరుసల రోడ్డు మీద స్పీడోమీటరు తొంభై చూపుతూ ఉన్నా, టోల్ గేట్లు, ఊళ్ల దగ్గర పనులు, అడ్డం వచ్చే పశువులు, సర్వీసు రోడ్డు నుంచి దూసుకొచ్చే ద్విచక్ర వాహనాలు అన్నీ కలిసి రోజు మొత్తం మీద సగటును 55 నుంచి 60 కిలోమీటర్లకు దించుతాయి. ఘాట్ రోడ్డు మీద 30, 35కు మించి వేసుకోకూడదు. ఫోనులోని పటం చూపే కాలం కారును దృష్టిలో పెట్టుకుని చెప్పేది. అందులో భోజనం, టీ, పెట్రోలు, మూత్రవిసర్జన ఏవీ కలిసి ఉండవు. ఆ పటంలోనే ఫలానా సమయానికి చేరాలి అని ముందుగా చెప్పి వెతికే సదుపాయం ఉంది. ఇప్పటి రద్దీ ఆధారంగా చూపే కాలం కంటే దాన్ని వాడితే వచ్చే అంచనా వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

విమానం టిక్కెట్ మీది కాలం

భువనేశ్వర్ నుంచి హైదరాబాదుకు గాలి దూరం దాదాపు 850 కిలోమీటర్లు, విశాఖ నుంచి దాదాపు 500. టిక్కెట్ మీద భువనేశ్వర్ విమానానికి సుమారు గంటా నలభై అయిదు నిమిషాలు, విశాఖ విమానానికి సుమారు గంటా ఇరవై నిమిషాలు కనిపిస్తాయి. జెట్ విమానం ఎత్తున గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా పోతుంది కాబట్టి 500 కిలోమీటర్లకు నలభై నిమిషాలైనా పట్టకూడదు కదా అనిపిస్తుంది. కాని టిక్కెట్ మీది కాలంలో గేటు వదిలింది మొదలు రన్‌వే దాకా నేల మీద కదలడం, పైకి ఎక్కడం, మెల్లగా దిగడం, హైదరాబాదులో వరుస వచ్చే దాకా వేచి ఉండడం, దిగాక మళ్లీ గేటు దాకా పోవడం అన్నీ చేరి ఉంటాయి. దూరం తక్కువైన విమానంలో ఈ స్థిరమైన కాలానిదే పెద్ద వాటా. అందుకే దూరం 350 కిలోమీటర్లు పెరిగినా ప్రయాణ కాలం ఇరవై అయిదు నిమిషాలే పెరిగింది. ఇదే మార్గంలో జెట్‌కు బదులు రెక్కలకు పంకాలున్న ఏటీఆర్ విమానం వేస్తే మరికొంత ఎక్కువ పడుతుంది. టిక్కెట్ తీసేటప్పుడు విమానం రకం కూడా రాసి ఉంటుంది, చూసుకోవచ్చు.

ఏ విమానాశ్రయం దగ్గర

మన వైపు తెలుగువారు అలవాటుగా విశాఖ వైపే మొగ్గుతారు. అక్కడ బంధువులుంటారు, భాష కలుస్తుంది, హైదరాబాదుకు అది దారిలోనే ఉన్నట్టు కూడా అనిపిస్తుంది. భువనేశ్వర్‌కు పోవడమంటే పోవలసిన దిక్కుకు వీపు పెట్టి నడవడమే కదా అన్న ఆలోచన సహజం. లెక్క మాత్రం వేరుగా ఉంది.

బరంపురం నుంచి భువనేశ్వర్ విమానాశ్రయం దాదాపు 170 కిలోమీటర్లు. చిలక సరస్సు పక్కన రంభ, బాలుగావ్, ఖుర్దాల మీదుగా నాలుగు వరుసల రోడ్డు ఉంది. విశాఖ విమానాశ్రయం ఊరికి అవతలి వైపు ఎన్ఏడీ కూడలి దాటాక ఉండడం వల్ల మనకు దాదాపు 270 కిలోమీటర్లు అవుతుంది. ఇంటి నుంచి రహదారి ఎక్కడానికి 20 నిమిషాలు, భువనేశ్వర్ దాకా గంటకు 55 చొప్పున మూడు గంటల అయిదు నిమిషాలు, దారిలో ఏదైనా జరిగితే అని అరగంట, విమానాశ్రయంలో విమానం కదిలే దాకా గంటా నలభై అయిదు నిమిషాలు, విమానంలో మరో గంటా నలభై అయిదు నిమిషాలు, శంషాబాదులో దిగి సామాను తీసుకుని బయటపడటానికి 35 నిమిషాలు, అక్కడి నుంచి కూకట్‌పల్లి వంటి చోటికి గంటా ఇరవై నిమిషాలు కలిపితే మొత్తం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు అవుతుంది. ఇదే పద్ధతిలో విశాఖ దారికి రోడ్డు మీద నాలుగు గంటల యాభై అయిదు నిమిషాలు, ఊరి రద్దీ కలిపి ముప్పావుగంటకు కొంచెం తక్కువ అదనం, విమానంలో గంటా ఇరవై నిమిషాలు వేస్తే మొత్తం పది గంటల యాభై అయిదు నిమిషాలు తేలుతుంది. బరంపురంలో ఉన్నవారికి భువనేశ్వర్ దారి గంటకు పైగా ఆదా చేస్తుంది. టిక్కెట్ ధరలో గట్టి తేడా ఉంటే తప్ప విశాఖకు పోవలసిన అవసరం లేదన్నది నా అభిప్రాయం.

రహదారి వెంట దక్షిణానికి పోయే కొద్దీ ఈ ఆదా తగ్గుతూ వస్తుంది. భువనేశ్వర్ విమానంలో ఎక్కువ పట్టే ఇరవై అయిదు నిమిషాలను రోడ్డు మీద పాతిక కిలోమీటర్లుగా భావిస్తే 170కి 25 కలిపి 195 అవుతుంది. దీనికీ 270కీ తేడా 75. అందులో సగం, అంటే బరంపురానికి దక్షిణంగా ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దగ్గర రెండు దారులూ సమానమవుతాయి. ఇచ్ఛాపురం దాటి కంచిలి చేరే లోపల ఉన్న చోటది. ఇచ్ఛాపురం వారికి ఇంకా భువనేశ్వరే కొంచెం నయం, సోంపేట నుంచి విశాఖ నయం, పలాస వారు ఈ లెక్క వేయనే అక్కరలేదు. పర్లాకిమిడి వారికి భువనేశ్వర్ కంటే విశాఖ వంద కిలోమీటర్లకు పైగా దగ్గర. రాయగడ, కొరాపుట్ వారి దారీ విజయనగరం మీదుగా విశాఖకే. కొరాపుట్ జిల్లా జయపురం నుంచి 2022 అక్టోబరులో, చిన్న ఊళ్లను విమానాలతో కలిపే ఉడాన్ పథకం కింద తొమ్మిది సీట్ల చిన్న విమానం మొదలైంది. ఇలాంటి సేవల వేళలూ మార్గాలూ మారుతుంటాయి, చూపు సరిగా ఆనని వాతావరణంలో అవి ఎగరవు కూడా. అందుచేత దాని మీద ఆధారపడి విశాఖలో వెంటనే మరో విమానం పట్టుకునేలా టిక్కెట్ తీసుకోకూడదు. మల్కన్‌గిరి వారికైతే మోటు, చింతూరు, భద్రాచలం, ఖమ్మం మీదుగా హైదరాబాదు అయిదు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. విశాఖకు వచ్చి విమానం ఎక్కడం కంటే వారికి రోడ్డే సరైన దారి.

విజయనగరం జిల్లా భోగాపురంలో చేపట్టిన కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం వల్ల ఈ సరిహద్దు గీత ఉత్తరానికి జరుగుతుంది. బరంపురం నుంచి అది దాదాపు 215 కిలోమీటర్లు, విశాఖ ఊళ్లోకి ప్రవేశించవలసిన పనీ ఉండదు. పై లెక్కలో 270కి బదులు 215 వేస్తే రెండు దారులూ సమానమయ్యే చోటు బరంపురానికి పది కిలోమీటర్ల దక్షిణానికి వచ్చేస్తుంది, అంటే ఊరివారికి తేడా ఇరవై నిమిషాలే. అప్పుడు టిక్కెట్ ధరను బట్టీ, వేళను బట్టీ ఏదైనా ఎంచుకోవచ్చు. టిక్కెట్ మీద విశాఖపట్నం అని ఉన్నంత మాత్రాన సరిపోదు. అది పాత విమానాశ్రయమా, భోగాపురమా అన్నది చదివి చూసుకోవాలి. ఈ రెండింటి మధ్య దూరం విమానం తప్పిపోవడానికి చాలు.

వెనక నుంచి లెక్క

ఎప్పుడు బయలుదేరాలన్నది ఎప్పుడూ విమానం వేళ నుంచి వెనక్కి లెక్కించాలి. దేశీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందు, బోర్డింగ్ గేటు దాదాపు 25 నిమిషాల ముందు మూసివేస్తారు. మధ్యాహ్నం మూడున్నరకు భువనేశ్వర్‌లో విమానం ఉందనుకుందాం. రెండున్నరకు కౌంటర్ మూస్తారు. సామాను వేయడానికి, భద్రతా తనిఖీకి వరుసలో నిలబడాలి కాబట్టి ఒంటి గంట ముప్పావుకు విమానాశ్రయం గుమ్మంలో ఉండాలి. అందులో నుంచి జాగ్రత్త కోసం పెట్టుకున్న అరగంట, రోడ్డు మీది మూడు గంటల అయిదు నిమిషాలు, ఊరు దాటే ఇరవై నిమిషాలు తీసేస్తే ఉదయం తొమ్మిది గంటల యాభై నిమిషాలు వస్తుంది. తొమ్మిది ముప్పావుకు కారు వీధిలో కదలాలి. పెట్టెలు ఎక్కించి, పెద్దలకు దండం పెట్టి, పక్కింటివారికి చెప్పి రావడమంతా అంతకు ముందే ముగియాలి.

అదే విమానం ఉదయం ఏడు గంటలదైతే ఈ లెక్క ప్రకారం రాత్రి ఒంటి గంట దాటగానే బయలుదేరాలి. నిద్రమత్తులో ఉన్న డ్రైవరుతో, లారీలు నిండిన రహదారి మీద ఆ వేళలో పోవడం ఏ మాత్రం మంచిది కాదు. ముందు రోజు సాయంత్రమే రైలులో భువనేశ్వర్ చేరి స్టేషన్ దగ్గర బస చేస్తే, అక్కడి నుంచి విమానాశ్రయం నాలుగైదు కిలోమీటర్లే. తెల్లవారుజాము టిక్కెట్ చవకగా దొరికిందని సంతోషించే ముందు ఆ బస ఖర్చును కూడా దానికి కలిపి చూడాలి. విమానాశ్రయం దాకా పోవడానికి రైలును మరచిపోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. భువనేశ్వర్, విశాఖల మధ్య 2024లో మొదలైన వందే భారత్ బరంపురంలో ఆగుతుంది; రోడ్డు మీది రద్దీతో దానికి సంబంధం లేదు. రైలు వేళకూ విమానం వేళకూ మధ్య నాలుగు గంటలైనా ఉండేలా చూసుకుంటే చాలు.

చేతి సామాను సాధారణంగా 7 కిలోలు, లోపల వేసే సామాను 15 కిలోలు అనుమతిస్తారు. మన ఇళ్ల నుంచి పోయే ఊరగాయ జాడీలు, నూనె డబ్బాలు చేతి సంచీలో ఉంటే భద్రతా తనిఖీలో ఆపుతారు కాబట్టి వాటిని గట్టిగా కట్టి లోపలి సామానులోనే వేయాలి. అలా వేయాలంటే కౌంటర్ వరుస తప్పదు, అందుకు కనీసం అరగంట కేటాయించుకోవాలి. సామాను లేనివారు వెబ్ చెక్-ఇన్ చేసుకుంటే ఆ అరగంట మిగులుతుంది. నడవలేని పెద్దవారికి చక్రాల కుర్చీని టిక్కెట్ తీసేటప్పుడే అడగాలి. ఆసుపత్రి నుంచి ఇటీవలే ఇంటికి వచ్చినవారు, నెలలు నిండుతున్న గర్భిణులు ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని డాక్టరు ఇచ్చే పత్రాన్ని వెంట ఉంచుకోవాలి.

మొత్తం రోడ్డు మీదే పోవాలనుకుంటే

880 కిలోమీటర్లను గంటకు 58 చొప్పున భాగిస్తే పదిహేను గంటల పది నిమిషాలు వస్తుంది. రెండు భోజనాలు, మూడు నాలుగు సార్లు ఆగడాలు కలిపి రెండున్నర గంటలు వేసుకుంటే పదిహేడున్నర గంటలు దాటుతుంది. కారు నడపగలిగినవారు ఇద్దరుంటేనే ఒకే రోజులో దీనికి పూనుకోవాలి. ఒక్కరే నడపవలసి వస్తే రాజమండ్రిలో రాత్రి ఆగడం అన్నివిధాలా మేలు. బరంపురం నుంచి అది దాదాపు 450 కిలోమీటర్లు, అంటే దాదాపు సగం దారి. మర్నాడు ఉదయం తేటగా లేచి బయలుదేరితే సాయంత్రానికి హైదరాబాదు చేరవచ్చు.

తొమ్మిది గంటలతో పదిహేడున్నర గంటలను పోల్చి చూసి విమానమే మేలని వెంటనే అనేయకూడదు. నలుగురు మనుషులు, పెళ్లి సామాను, అక్కడ నాలుగు ఇళ్లకు తిరగవలసిన పని ఉంటే కారు లెక్క వేరు. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారుకు ఒకవైపు 55 లీటర్ల ఇంధనం, దాని పైన టోల్. సొంత కారు ఉన్నవారికి 2025 ఆగస్టు 15 నుంచి ఏడాది పాటు, లేదా 200 సార్లు దాటేదాకా చెల్లే ఫాస్టాగ్ వార్షిక పాస్ దొరుకుతున్నది; మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు. అది జాతీయ రహదారుల టోల్ గేట్లకు వర్తిస్తుంది. ఈ మొత్తాన్ని నలుగురికి పంచి, దానికి ఎదురుగా నాలుగు విమానం టిక్కెట్లు, భువనేశ్వర్ దాకా కారు బాడుగ, శంషాబాదు నుంచి క్యాబ్ ఖర్చు కలిపి రాసుకోవాలి. ఒక్కరు పోతే విమానానికీ, నలుగురు పోతే కారుకూ తూకం మొగ్గుతుంది. ఇద్దరు, ముగ్గురు ఉన్నప్పుడు మాత్రం ఆ రోజు టిక్కెట్ ధరే నిర్ణయించాలి. వయసు మీరినవారు ఒంటరిగా పోతున్నప్పుడు ఈ రెండింటి కంటే విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా, కోణార్క్ వంటి నేరు రైళ్లలో రాత్రి పడుకుని పోవడమే సుఖమని నేను నమ్ముతాను.

కాలాన్ని బట్టి కలపవలసిన అదనం

పై లెక్కలన్నీ మామూలు రోజులవి. అక్టోబరు మాత్రం మన తీరానికి మామూలు నెల కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర, సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. హుద్‌హుద్‌కు విశాఖ విమానాశ్రయం బాగా దెబ్బతిని కొన్ని రోజులు మూతపడింది. తుపాను వస్తే రహదారి మీద చెట్లు కూలి, రైళ్లు ఆగి, విమానాలు రద్దయి మూడు దారులూ ఒకేసారి మూసుకుపోతాయి. కాబట్టి ఆ నెలలో పరీక్ష, ఇంటర్వ్యూ, శస్త్రచికిత్స వంటి మార్చలేని పని ఉంటే రెండు రోజుల ముందుగా చేరేలా ఏర్పాటు చేసుకోవాలి. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చాక, దెబ్బ ఏ విమానాశ్రయం వైపు ఉంటే దానికి దూరంగా ఉన్న రెండోదాన్ని ఎంచుకోవడం కూడా ఒక మార్గం.

సంక్రాంతికి ముందు మూడు రోజులు హైదరాబాదు నుంచి ఆంధ్ర వైపు, పండుగ తరవాత మూడు రోజులు తిరిగి హైదరాబాదు వైపు విజయవాడ రహదారి కిక్కిరిసి ఉంటుంది. చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్ గేటులో బారులు తీరిన వాహనాలను ఏటా చూస్తూనే ఉన్నాం. మనం పోయే దిక్కు జనం పోయే దిక్కుకు ఎదురైతే బాధ లేదు. ఒకటే అయితే రెండు మూడు గంటలు అదనంగా వేసుకోవాలి. పూరీ రథయాత్ర రోజుల్లో భువనేశ్వర్ పరిసరాల్లోనూ, బరంపురంలో ఠాకురాణి యాత్ర సాగే నెలలో ఊరు దాటడానికీ అదనపు సమయం తప్పదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మంచు పట్టినప్పుడు రోడ్డు మీదా, రన్‌వే మీదా ఆలస్యాలు మామూలే.

తిరుగు ప్రయాణం

పోయేటప్పటి లెక్కను తిరగేసి వచ్చేటప్పటికి వాడుకోకూడదు. హైదరాబాదు నుంచి సాయంత్రం ఏడున్నరకు విమానం ఎక్కితే భువనేశ్వర్‌లో తొమ్మిదింబావు దాటుతుంది. సామాను తీసుకుని బయటికి వచ్చి మూడు గంటల రోడ్డు మీద పడితే బరంపురం చేరేసరికి అర్ధరాత్రి దాటి ఒంటి గంట అవుతుంది. కాబట్టి తిరుగు విమానం సాయంత్రం అయిదు గంటల లోపు దిగేది చూసుకోవాలి. అలాంటిది దొరకకపోతే రాత్రికి భువనేశ్వర్‌లోనే ఉండి తెల్లవారాక రావడం మంచిది. కారును విమానాశ్రయంలో నిలిపి పోయినవారు తప్ప మిగతావారు పోయిన విమానాశ్రయానికే తిరిగి రావలసిన నియమమేమీ లేదు. భువనేశ్వర్ నుంచి పోయి, విశాఖలో బంధువులను చూసి అక్కడి నుంచి రైలులో ఇంటికి చేరవచ్చు. శంషాబాదుకు మాత్రం హైదరాబాదు ఊళ్లో నుంచి బయలుదేరేటప్పుడు, ముఖ్యంగా వాన పడుతున్న సాయంత్రాలలో, పటం చూపే కాలానికి సగం మళ్లీ కలుపుకుని ఇల్లు వదలాలి. ఊరికి కొత్తవారైతే మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా గాని, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా గాని తీసుకుపొమ్మని డ్రైవరుకు ముందే చెప్పుకోవాలి.